‘అట’ రాలిపోయిన చోట

“ఈ కోట కింద సొరంగం ఉందట.” “ఈ కోట కింద సొరంగం ఉంది.”

మొదటిది ఊళ్లో మాట. రెండోదానికి చెప్పినవాళ్లే పూచీ. టీవీలో చారిత్రక రహస్యాలు చెప్పే యాంకర్ ఉద్యోగమంతా ఈ రెండు వాక్యాల మధ్య సందులోనే ఉంటుంది. చేతిలో టార్చి, తల మీద టోపీ, పైన డ్రోన్ ఇవన్నీ తర్వాతి సంగతి. ప్రోమోకి ఇంకా ఊపు కావాలని ఎవరో ఒకరు ‘అట’ తీసేస్తారు. ఆ సాయంత్రానికి లేని సొరంగం తవ్వుకున్నట్టే.

నిజానికి ఈ పనికి తెలుగు చాలా అనువైన భాష. ఉంది, ఉందట, ఉందంటారు, ఉన్నట్టు రాశారు, ఉండి ఉండొచ్చు, ఉండి తీరాలి. ఇవన్నీ వేర్వేరు మెట్లు. శాసనం కళ్లారా చదివితే మొదటి మెట్టు, పూజారి చెబితే రెండోది, పండితులంతా అలా అనుకుంటుంటే మూడోది, పాత పుస్తకంలో కనబడితే నాలుగోది. మిగిలిన రెండూ యాంకర్ సొంత తర్కం. స్క్రిప్ట్‌లో ప్రతి వాక్యం చివర క్రియ ఏ మెట్టు మీద ఉందో చూస్తే చాలు, పరిశోధన ఎంత లోతుగా జరిగిందో తెలిసిపోతుంది. 22 నిమిషాల ఎపిసోడ్‌లో ‘ఉంది’, ‘కట్టించాడు’, ‘జరిగింది’ తప్ప ఇంకే క్రియారూపమూ లేదంటే ఆ జట్టు గ్రంథాలయం గడప తొక్కలేదనే లెక్క.

చెన్నైలో కూర్చుని తెలుగు ఛానల్‌కి కార్యక్రమం చేసే జట్టుకు చేతికి అందేంత దూరంలో ఉన్న రహస్యం చెన్నపట్నం పేరే. తెలుగువాళ్లకు అది ఇష్టమైన కథ కూడా. కాళహస్తి దామెర్ల వారి చెన్నప్ప నాయకుడి పేరు మీద ఆయన కొడుకులు ఊరు కట్టించారు, అదే చెన్నపట్నం, 1996లో అధికారికంగా చెన్నై అయింది. ‘మద్రాసు మనదే’ అని 1952, 53ల్లో గొంతులు బొంగురుపోయేలా అరిచిన జాతికి ఈ కథ తీయగా ఉండటం సహజం. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. చూసేవాళ్లకూ చెప్పేవాళ్లకూ ఒకే కథ ఇష్టమైనప్పుడు దాన్ని అడ్డగించి నిలదీసేవాళ్లు ఉండరు.

ముందు ఒక పట్టిక గీయాలి. ఎక్సెల్‌లోనైనా సరే, పొడవాటి నోటుపుస్తకంలోనైనా సరే. గళ్లు ఆరు: వాదన, చెప్పిందెవరు, రాసిందెప్పుడు, ఘటనకూ రాతకూ మధ్య ఎన్నేళ్లు, చేతికొచ్చింది మూలమా నకలా, ఈ మాట నిజమైతే ఎవరికి లాభం. ఆఖరి గడిని ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు. చెన్నపట్నం విషయంలో అదే ముఖ్యమైన గడి.

తెలుగు కథకు అతి దగ్గరి సాక్ష్యం తెలుగు కావ్యంలోనే ఉంది. చెన్నప్ప కొడుకుల్లో ఒకడైన దామెర్ల అంకభూపాలుడు ‘ఉషాపరిణయం’ రాశాడు. పులికాట్‌లో డచ్చివాళ్లు, మైలాపూరు పక్క శాంథోమ్‌లో పోర్చుగీసువాళ్లు కొట్టుకుంటుంటే, వాళ్ల గొడవ ఆపడానికి తన సోదరుడు అయ్యప్ప నాయకుడు ప్రళయకావేరికీ మైలాపూరుకూ నడుమ తండ్రి పేరుతో చెన్నపట్నం కట్టించాడని అందులో ఉంది. ప్రళయకావేరి అంటే పులికాటే. పట్టికలో దీన్ని నింపి చూడండి. చెప్పింది సొంత కొడుకు, రాసింది అదే తరంలో. ఇంత దగ్గరి సాక్ష్యం మన ఊర్ల పేర్లలో ఎన్నింటికి దొరుకుతుంది? కానీ అది కావ్యావతారిక, అంటే కావ్యానికి ముందుమాట. వంశాన్ని పొగడటానికే ఉన్న చోటు. కాబట్టి తండ్రి పేరు పెట్టారన్నది గట్టి మాట. గొడవలాపే ధర్మబుద్ధితో కట్టారన్నది ఇంటివాళ్ల మాట. ఒకే పద్యంలోంచి వచ్చినా రెంటికీ ఒకే క్రియ వాడకూడదు. మొదటిదానికి ‘రాశాడు’, రెండోదానికి ‘అని చెప్పుకున్నాడు’.

రెండో వాదన గుడిది. చెన్నకేశవస్వామి గుడి వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. నేటి హైకోర్టు ఆవరణ ప్రాంతంలో ఉన్న ఆ పాత గుడిని ఫ్రెంచివాళ్ల దాడి భయంతో 1757లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు పడగొట్టించారు. తర్వాత బదులు స్థలం ఇస్తే దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవుడికీ చెన్నమల్లీశ్వరుడికీ జంటగుళ్లు లేచాయి. పూలబజారు సందడిలో ఇప్పటికీ ఉన్నాయి. గుడి ప్రస్తావన పత్రాల్లో కనబడేది 1646 నుంచి. ఊరి స్థలాన్ని దామెర్లవారు ఆ కంపెనీకి రాసిచ్చిన పట్టా 1639ది. ఇక్కడ తొందరపడే యాంకర్ ‘గుడి ఊరికంటే ఏడేళ్లు చిన్నది’ అని తేల్చేస్తాడు. అది పొరపాటు. 1646 అన్నది గుడి పుట్టిన ఏడు కాదు, గుడిని ఎవరో కాగితం మీద ఎక్కించిన ఏడు. ఊరి పేరు దేవుడికి వచ్చిందా, దేవుడి పేరు ఊరికి వచ్చిందా అన్నది ఆ ఒక్క తేదీతో తేలదు. తెర మీద చెప్పాల్సింది కూడా అంతే.

‘మద్రాసు’ ముడి వేరే. దానికి పోర్చుగీసు మూలం అంటగట్టేవాళ్లున్నారు, మదరసా అనేవాళ్లున్నారు, మాదరసన్ అనే జాలరి పెద్ద పేరు అనేవాళ్లున్నారు. ఒక్కో వాదనను విడిగా ఖండించుకుంటూ కూర్చుంటే ఎపిసోడ్ చాలదు. ఒకే గీటురాయి పెట్టుకోవాలి: ఇంగ్లీషువాళ్లు రాకముందే, పోర్చుగీసువాళ్లు రాకముందే ఆ పేరు ఎక్కడైనా ఉందా? 1639 పట్టా నకళ్లలోనే ‘మెద్రాస్‌పటం’ అని ఉంది కాబట్టి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు కాదు. కృష్ణగిరి జిల్లా పెన్నేశ్వరమఠంలో 2015లో వెలుగులోకొచ్చిన 1367 నాటి విజయనగర శాసనంలో ‘మాదరసన్‌పట్టణం’ రేవు పేరు ఉంది. వాస్కోడిగామా కోళికోడ్‌లో దిగింది 1498లో. ఆ శాసనంలోని రేవు ఈ రేవే అయితే పోర్చుగీసు వాదం 131 ఏళ్లు ఆలస్యంగా వచ్చినట్టు. ఈ ‘అయితే’ను మాత్రం ఎడిటింగ్‌లో మింగకూడదు. పేరు ఒకటైనంత మాత్రాన చోటు ఒకటే కానక్కర్లేదు. మన జిల్లాల్లో కొత్తపల్లులు ఎన్నున్నాయో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

తేదీల దగ్గరే అసలు గోతులు. పట్టా నకళ్లలో 22 జూలై 1639 అని ఉంది. కానీ కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే మచిలీపట్నం నుంచి బయలుదేరిందే జూలై నెలాఖరులో. బయలుదేరకముందే పట్టా పుచ్చుకోలేడు కదా. అందుకే చరిత్రకారులు దాన్ని నకలు రాసినవాడి పొరపాటుగా భావించి ఆగస్టు 22గా దిద్దుకున్నారు. 2004 నుంచి నగరంలో జరుపుకుంటున్న మద్రాసు దినోత్సవం ఆ దిద్దుబాటు తేదీనే. చిన్న కొసరు: అప్పటి ఇంగ్లీషువాళ్లది పాత జూలియన్ పంచాంగం, ఇప్పటి లెక్కకు పది రోజులు వెనక. ఆ ప్రకారం నేటి క్యాలెండర్‌లో అది సెప్టెంబర్ 1. ఉత్సవం మార్చమని ఎవరూ అడగరు గానీ, ఎపిసోడ్‌లో చెబితే చూసేవాళ్లు కుర్చీ అంచుకు జరుగుతారు. రహస్యం కల్పించకుండా ఆసక్తి పుట్టించే దారి ఇది.

ఇంకో గొయ్యి దీనికంటే ప్రమాదం. నాటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1752 దాకా అదే పద్ధతి. డే, అతని పైవాడు ఆండ్రూ కోగన్ కోట కట్టడానికి ఇక్కడికి చేరింది మన లెక్కలో 20 ఫిబ్రవరి 1640. వాళ్ల లెక్కలో అది ఇంకా 1639. ఈ సంగతి తెలియకుండా కాగితాలు వరుసగా పేర్చితే ఫిబ్రవరి 1639 ముందు, ఆగస్టు 1639 వెనక వస్తాయి. అంటే పట్టా పుచ్చుకోవడానికి ఆరు నెలల ముందే కోట పని మొదలైనట్టు! ‘బ్రిటిష్‌వాళ్లు దాచిన నిజం’ అని థంబ్‌నెయిల్ తయారు. దాచింది ఎవరూ లేరు, క్యాలెండర్ ఒక్కటే.

మన పంచాంగమూ తక్కువ తినలేదు. శకసంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం. చైత్రం నుంచి డిసెంబర్ దాకా ఈ లెక్క సరిపోతుంది, జనవరి నుంచి ఉగాది దాకా 79 కలపాలి. పన్ను లెక్కల్లో వాడిన ఫసలీ అయితే 590. కైఫియత్తుల్లో, అంటే కరణాల చేత చెప్పించి రాయించిన ఊరి చరిత్రల్లో, చాలాచోట్ల శకం అంకె ఉండదు, సంవత్సరం పేరే ఉంటుంది. ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. 1639 ఆగస్టు ప్రమాథి సంవత్సరం. 1579, 1699 కూడా ప్రమాథే. రాజు పేరో మరో ఘటనో తోడు లేకుండా వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం చీట్లు తీయడమే. అది చాలదన్నట్టు అరవైలో పదమూడోది ప్రమాథి, నలభై ఏడోది ప్రమాదీచ. గొలుసుకట్టు రాతలో చివరి అక్షరం చెరిగితే 34 ఏళ్ల తేడా. ప్లవ, ప్లవంగల మధ్య ఆరేళ్లు. ఒక్క కొమ్మూ ఒక్క సున్నా మీద రాజ్యాలు మారిపోతాయి.

మనుషుల పేర్లూ అంతే. పట్టా ఇచ్చిన దామెర్ల నాయకుడు ఒకచోట వెంకటాద్రి, ఒకచోట వెంకటప్ప, ఇంకోచోట వెంకటపతి. అదే సమయంలో పైన ఉన్న విజయనగర ప్రభువు కూడా వెంకటపతే, 1632 నుంచి 1642 దాకా ఏలిన మూడో వేంకటరాయలు. ‘వెంకటపతి ఇచ్చాడు’ అని కనబడగానే చక్రవర్తి చేత పట్టా ఇప్పించేసిన స్క్రిప్ట్ నాయకుణ్ణి మింగేస్తుంది. పేరు పక్కన ఊరు రాసుకుంటే ఈ తప్పు రాదు: వందవాసి వెంకటప్ప, చంద్రగిరి వేంకటపతి.

కాగితాలు ఎక్కడ వెతకాలన్నదాని కంటే ఎక్కడ వెతకనక్కర్లేదో ముందు తెలుసుకోవడం మంచిది. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ అంటే అందరికీ ఆశ. కానీ అచ్చయిన సెయింట్ జార్జి కోట దినచర్య, సంప్రదింపుల సంపుటాలు 1672తో మొదలవుతాయి. 1639 నాటి ఉత్తరాలు లండన్‌లోని ఇండియా ఆఫీసు కాగితాల్లో ఉన్నాయి, వాటి సారాంశాలు అచ్చులో దొరుకుతాయి. ఆ అచ్చు సంపుటాలను పాంథియన్ రోడ్డులోని కన్నెమరా గ్రంథాలయంలో ముందు చూసుకుంటే, ఎగ్మోర్‌లో లేనిదాని కోసం వారాలు తిరిగే పని తప్పుతుంది. శాసనాలకు పురావస్తు సర్వేక్షణ సంస్థ వార్షిక శాసన నివేదికలు, దక్షిణ భారత శాసన సంపుటాలు. తెలుగువాటికి పదో సంపుటం దగ్గర మొదలుపెట్టాలి. కైఫియత్తులకూ తాళపత్రాలకూ ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం. కంపెనీ కాలపు అధికారులు మెకంజీ, బ్రౌన్, లేడెన్‌ల సేకరణలు కలిసి 1869లో అది ఏర్పడింది.

కైఫియత్తు అనగానే తెలుగు యాంకర్లకు పూనకం వస్తుంది. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు మెకంజీ తరఫున ఊళ్లకు మనుషుల్ని పంపి, కరణాల చేత చెప్పించి రాయించినవి అవి. వాటి విలువ అపారం. కానీ అవి 19వ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో కరణం ఏం చెప్పాడన్నదానికి సాక్ష్యం. కృష్ణదేవరాయల కాలంలో ఏం జరిగిందన్నదానికి మూడు వందల ఏళ్ల తర్వాతి వినికిడి. ఇనాము నిలబెట్టుకోవడానికి ఊరి పురాణాన్ని కాస్త వెనక్కి జరిపిన కరణాలు లేకపోలేదు. పట్టికలో ఆరో గడి గుర్తుందిగా.

ఇక చిత్రీకరణ. శాసనం మీద సుద్దపొడి, పసుపు, పిండి రుద్ది అక్షరాలు తేల్చడం ఇప్పటికీ జరుగుతోంది. అది రాయికి హాని, పైగా రుద్దినవాళ్లకు కావాల్సిన అక్షరమే తేలుతుంది. పొద్దువాలాక టార్చిని రాతి ముఖానికి దాదాపు ఆనించి, పక్క నుంచి, పదీ పదిహేను డిగ్రీల వాలులో వేస్తే చాలు. గంట్లలో నీడ నిలబడుతుంది. వెలుగును ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి వేసి, కెమెరా కదపకుండా మూడు ఫొటోలు తీయాలి. పగుళ్లు ఒక దిక్కు వెలుగులో అక్షరంలా కనబడి ఇంకో దిక్కులో మాయమవుతాయి. పక్కన స్కేలు తప్పనిసరి.

సెయింట్ జార్జి కోటలో సచివాలయం, శాసనసభ, సైన్యం, పురావస్తు మ్యూజియం అన్నీ ఉన్నాయి. ఒక కార్యాలయం అనుమతి ఇంకో గేటు దగ్గర చెల్లదు. పాత గుడి స్థలం కోసం హైకోర్టు లోపల కెమెరా పెట్టాలనే ఆలోచన మానుకుని, ఎన్నెస్సీ బోస్ రోడ్డు అవతల నిలబడి ‘ఆ గోడకు అవతల’ అంటే సరిపోతుంది. బ్రిటన్‌లో ఛానల్ 4 వాళ్లు మూడు రోజుల్లో తవ్వి తేల్చే కార్యక్రమం ఇరవై ఏళ్లు నడిపారని చూసి ఇక్కడ పలుగు ఎత్తుతామంటే కుదరదు. రక్షిత కట్టడాల దగ్గర 1958 చట్టం ఉంది. చుట్టూ నూరు మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ భూమిలో దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. పది రూపాయలే, ఆ అంకె ఇంకా మారలేదు. అందుకే తెర మీద మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరగడం సాహసంగా కనిపించినా, మర్నాడు పలుగులతో వచ్చేవాళ్లకు దారి చూపడమే అవుతుంది.

ఇంత చేసినా ‘అట’ రాలిపోయేది ఎక్కువగా ఎడిట్ సూట్‌లో. దానికి కారణం తెలుగు వాక్యం కట్టుబడిలోనే ఉంది. మన భాషలో నిరాకరణ, సందేహం, షరతు అన్నీ వాక్యం తోకలో ఉంటాయి. “చెన్నప్ప పేరు మీదే ఈ ఊరు పెట్టారని కచ్చితంగా చెప్పలేం” అని పండితుడు అంటాడు. ఆ మాటల ముక్క (బైట్) తొమ్మిది సెకన్లు, ఉన్న చోటు ఆరు సెకన్లు. ఎడిటర్ కత్తెర ‘పెట్టార’ దగ్గర పడుతుంది. దీర్ఘం కాస్త లాగినట్టు వినబడుతుంది గానీ అర్థం తలకిందులైంది. దీనికి మందు రెండు చోట్ల వేయాలి. చిత్రీకరణలోనే పండితుణ్ణి సందేహం ముందు చెప్పమని కోరాలి: “కచ్చితంగా చెప్పలేం గానీ, చెన్నప్ప పేరు మీద పెట్టి ఉండొచ్చు.” అప్పుడు తోక తెగినా తల మిగులుతుంది. ఎడిట్‌లో వాక్యం ముగిశాక కనీసం 12 ఫ్రేములు, అంటే అర సెకను, వదలాలన్న నియమం పెట్టుకోవాలి. ఊపిరి పీల్చుకునే చప్పుడు వినబడితే వాక్యం పూర్తయినట్టు.

చెన్నైలో ఇంకో తిప్పలు. పండితులు ఎక్కువగా తమిళంలో మాట్లాడతారు, వడపళని స్టూడియోలో తెలుగు డబ్బింగ్ చెప్పిస్తారు. తమిళంలో మన ‘అట’కు సరిజోడు ‘ఆమ్’ ఉంది. కట్టినారామ్ అంటే కట్టించాడట. పెదవుల కదలికకు మాట సరిపెట్టే హడావిడిలో డబ్బింగ్ రచయిత ‘కట్టించాడు’ అని ముగిస్తాడు. రెండు భాషలూ జాగ్రత్తగా దాచిన సందేహం మధ్యలో ఎక్కడో జారిపోతుంది. తెలుగు స్క్రిప్ట్‌తో పాటు తమిళ మూలాన్ని కూడా పక్కన పెట్టుకుని, కేవలం వాక్యాల చివర్లు సరిచూసే మనిషి ఒకరుండాలి. 22 నిమిషాలకు రెండు గంటల పని. ఆ రెండు గంటలకు బడ్జెట్‌లో గడి ఉండదు.

వాయిస్ ఓవర్ నిడివి కూడా ఇక్కడే దెబ్బ తీస్తుంది. తెలుగు మాటలు పొడవు కాబట్టి నిమిషానికి వంద మాటలకు మించితే చూసేవాళ్లకు ఊపిరాడదు. పన్నెండు నిమిషాల నరేషన్‌కు పన్నెండు వందల మాటలు. స్క్రిప్ట్ పదిహేను వందలు వచ్చిందంటే కోత పడేది ‘అని భావిస్తున్నారు’, ‘ఉండి ఉండొచ్చు’ల మీదే, ఎందుకంటే అవి తీసినా కథ నడుస్తుంది. కోయాలనుకుంటే ఒక ఘటనను మొత్తంగా తీసేయాలి. అన్ని ఘటనలూ ఉంచి అన్ని సందేహాలూ తీస్తే మిగిలేది పుకారు.

నటులతో తీసిన దృశ్యాలకు ‘ఊహాచిత్రం’ అన్న చీటీ మొదటి ఫ్రేము నుంచి ఆఖరి ఫ్రేము దాకా ఉండాలి. దాన్ని కింద కుడిమూల వేయడం అలవాటు. అదే దృశ్యం ఫోన్‌లో నిలువు రీల్‌గా కోస్తే పదహారు-తొమ్మిది చట్రంలో మధ్యనున్న 32 శాతం వెడల్పే మిగులుతుంది. చీటీ పోతుంది, చెన్నప్ప వేషం మిగులుతుంది. వారంలోపు ఆ వేషగాడి బొమ్మ ‘చెన్నప్ప నాయకుడి అరుదైన చిత్రం’గా వాట్సాప్‌లో తిరుగుతుంది. చీటీని మొదటే చట్రం నడుమ మూడో వంతులో వేయడం తప్ప దీనికి వేరే విరుగుడు లేదు.

ప్రసారమయ్యాక ఫోన్లు మొదలవుతాయి. మా తాతగారి దగ్గర రాగిరేకు ఉంది, మీరు చెప్పింది తప్పు అని. ఇలాంటి ఫోన్‌ను విసుక్కోకూడదు. పదింటిలో ఒకటి నిజంగా పనికొచ్చేది కావచ్చు. రేకు తెమ్మనకూడదు, ఉన్నచోటే ఉంచమనాలి. రెండు వైపులా, స్కేలు పెట్టి, పక్కవాటు వెలుగులో ఫొటోలు తీసి పంపమనాలి. ముద్ర, కడియం ఉంటే వాటికి విడిగా. నూరేళ్లు దాటినదైతే 1972 చట్టం కింద అది పురావస్తువని, అమ్మకానికి పెడితే చిక్కులొస్తాయని చెప్పాలి. ఫొటోలు శాసనాలు చదివేవాళ్లకు పంపే దాకా తెర మీద దాని ఊసెత్తకూడదు. వీటన్నిటికంటే ముందు, ఫోన్ ఎత్తగానే చెప్పాల్సిన మాట ఒకటుంది: ఫొటోకి మెరవాలని దాన్ని చింతపండు పెట్టి తోమకండి.